చీరతో కొలిచిన కోర్టు

పోయిన వారం చెంచురామయ్యగారిని చింతలబంజర కోర్టులో టేపు కొస పట్టుకుని వంగి ఉండగా వదిలేసి వచ్చాం. అరవయ్యేళ్ల మనిషిని ఏడు రోజులు అలా వంగోబెట్టడం నాకూ బాధగానే ఉంది, కానీ పత్రికవాళ్లు ఇచ్చిన జాగా అక్కడికే అయిపోయింది. కొత్తగా చేరిన పాఠకులకు నాలుగు ముక్కలు చెప్పి ఆయన్ని లేపుతాను.

జూలూరుపాడు దాటి అడవివైపు ఆరు మైళ్లు పోతే చింతలబంజర. ఆ ఊళ్లో పన్నెండేళ్ల కిందట, డెబ్బై ఆరులో, ఇద్దరు మనుషులు రెండు గుంజలకు అడ్డంగా ఎద్దుల పగ్గం కట్టి బాల్ బ్యాడ్మింటన్ మొదలుపెట్టారు. ఒకరు కోస్తా నుంచి వచ్చి బంజరు బాగుచేసుకుని మిరప వేసిన వెంకటరామారావు. కాలేజీ రోజుల్లో ఆయన పేరున్న ఆటగాడు. రెండో మనిషి ఆయన పొలం పనులు చూసే సవరయ్య, చర్చి వీధివాడు. బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో కూడా అప్పటికి ఆయనకు తెలియదు. ఆ ఇద్దరు ఐదుగురయ్యారు. తండా నుంచి హీరాలాల్ వచ్చాడు, వాడి వెనకే చెల్లెలు పూలి వచ్చి ఆడపిల్లల జట్టు కూడగట్టింది. పగ్గం పోయి వల వచ్చింది. ఇప్పుడు సాయంత్రం నాలుగున్నర దాటితే బ్యాటు కోసం వరసలో నిలబడాలి. పోయిన వానాకాలం సవరయ్య జ్వరంతో కన్నుమూశాడు. ఆయన పేరు మీద ఎనిమిది ఊళ్ల జట్లను పిలిచి కప్పు పెట్టాలని క్లబ్బువాళ్ల కోరిక. దానికి జిల్లా సంఘం ఒప్పుకోవాలి, సంఘం ఒప్పుకోవాలంటే కోర్టు కొలత సరిపోవాలి. ఆ కొలత చూడటానికి వచ్చిన పెద్దమనిషే చెంచురామయ్యగారు.

ఇక లేచారు. లేచి నడుం మీద చెయ్యి వేసుకుని, “డెబ్బై నాలుగే” అన్నారు.

కోర్టు ఎనభై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు ఉండాలి. వెడల్పు చూస్తే ముప్పై ఏడు. టేపు తిరగేసి కొలిచారు, మనుషుల్ని మార్చి కొలిచారు. అడుగులు ఎక్కడి నుంచో పుట్టుకు రావు కదా, ఎన్నిసార్లు కొలిచినా అంతే వచ్చింది.

గుంపులో జట్టు కెప్టెన్ హీరాలాల్ తల గోక్కోవడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్లుగా ఊరిని వేధిస్తున్న చిక్కుముడి వాడి బుర్రలో అప్పుడే విడిపోతోంది. చింతలబంజర జట్టును సొంత కోర్టులో ఓడించినవాడు లేడు. కల్లూరు వాళ్లు వచ్చినా, ముదిగొండ వాళ్లు వచ్చినా వాళ్లు కొట్టిన బంతి గీత దాటి పోయేది. అదే మనవాళ్లు ఆ ఊళ్లకు పోతే కొట్టిన ప్రతి బంతీ వెనకదాకా పోకుండా ఎదుటివాడి చేతికి అందేంత దగ్గరలో పడేది. ఊరు మారితే నీళ్లు పడటం లేదన్నారు. దిష్టి తగిలిందన్నారు. బస్సులో నిలబడి వచ్చినందుకు భుజాలు పట్టేశాయన్నారు. పాస్టరుగారి చేత ప్రార్థన చేయించారు, తండాలో మేకను కూడా కోశారు. కోర్టును అనుమానించిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

ఈ కోర్టు వేసిందెవరని చెంచురామయ్యగారు అడిగారు. వెంకటరామారావు ముందుకొచ్చి, తానూ సవరయ్యా వేశామని ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల టేపు దొరకలేదు. చీర అంటే ఆరు గజాలు, పద్దెనిమిది అడుగులు. పొడవుకు నాలుగు చీరలు, ఆపైన ఎనిమిది అడుగులు. వెడల్పుకు రెండు చీరలు, ఆపైన నాలుగు అడుగులు. అలా లెక్క కట్టి, సవరయ్య ఇంట్లో కొత్త చీర ఒకటి తెప్పించి కొలిచామన్నారు. వింటున్నవాళ్లంతా పకపకా నవ్వారు. పదిమందిలో, పైగా పొరుగూరి పెద్దల ముందు ఆయనకు తలకొట్టేసినట్టయింది. ఆ ఇబ్బందిలో నోరు జారారు.

“లెక్క తప్పలేదండీ. చీర పట్టింది సవరయ్య. ఎక్కడో మడత పడి ఉంటుంది. పాపం, అతనికి కొలతలు అలవాటు లేదు.”

చెంచురామయ్యగారి వెంట వచ్చిన మనిషి ఒకడు ఊరుకోకుండా, కొలత రాని మనిషి పేరు మీద కప్పేమిటండీ అన్నాడు. అతను సరదాకే అన్నాడు. సవరయ్య దగ్గర ఆట నేర్చుకున్న పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు ఫక్కున నవ్వేసి, వెనక ఎవరున్నారో గుర్తొచ్చి నోళ్లు మూసుకున్నారు.

వెనక ఆరోగ్యమ్మ ఉంది. సవరయ్య భార్య. చర్చి దవాఖానాలో ఆయా. ఈ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. ఆ నవ్వు ఆమె చెవిలో పడింది, పడిన చోటే ఉండిపోయింది. బతికినన్నాళ్లు మూరెడు తాడు కూడా తేడా రానివ్వని మనిషిని, పోయాక పట్టుకుని కొలత రానివాడంటే ఏ భార్య సహిస్తుంది? కానీ నోరు విప్పితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఆ కోర్టు ఎందుకు కురచయిందో లోకంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

చెంచురామయ్యగారు మంచివారు. పది రోజుల్లో కోర్టు సరిచేసుకుంటే కప్పు ఇక్కడే ఆడుకోవచ్చని, లేదంటే వేరే ఊరికి మార్చక తప్పదని చెప్పి, పెట్టిన ఉప్మా తిని బస్సెక్కారు. వెడల్పు పెంచడం ఎంతసేపు, అటు ఇటు చెరి అడుగున్నర జరిపితే చాలు. పొడవు ఆరడుగులు పెరగాలి. దక్షిణాన గీతకు ఆనుకునే డాంబరు రోడ్డు ఉంది. మిగిలింది ఉత్తరం. అటువైపు నేల రాయిలా గట్టిగా ఉంటుంది, మోకాలిలోతు తవ్వి మొరం పోసి తడిపి రోలరు తొక్కించాలి. రేపు పొద్దున్నే ఇంటికో మనిషి గునపం పట్టుకుని రావాలని హీరాలాల్ అందరికీ చెప్పేశాడు. ఉత్తరం అన్న మాట వినగానే ఆరోగ్యమ్మ ఇంటిదారి పట్టింది.

ఈ క్లబ్బుకు ఒక వింత ఆనవాయితీ ఉంది. బంతి ఉత్తరం గీత దాటి పోతే, చెప్పులు విప్పి వెళ్లి తెచ్చుకోవాలి. మొదట్లో సవరయ్య ఒక్కడే అలా చేసేవాడు, ఇంకెవరినీ అటు పోనిచ్చేవాడు కాదు. ఆయన్ని చూసి పెద్దపిల్లలు, వాళ్లను చూసి చిన్నపిల్లలు అలవాటు పడ్డారు. పొరుగు జట్లు వచ్చి ఇదేం చాదస్తమని అడిగితే, మా కోర్టు పద్ధతి ఇంతేనని గర్వంగా చెప్పేవాళ్లు. ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఉత్తరం వైపే, గీత మూలకు పక్కగా, కుర్చీ వేసుకుని వెంకటరామారావు భార్య నిర్మలాదేవి రోజూ కూర్చుంటుంది. దారాలు లేచిపోయిన ఉన్ని బంతుల్ని సూదితో కుట్టి పిల్లలకు ఇస్తుంది. ఆమెకు పిల్లల్లేరు. పుట్టిన ఒక్కడూ దక్కలేదు. ఆ తర్వాత కడుపు పండలేదు. ఆమె అక్కడ కూర్చుని బంతులు కుడుతుంటే ఆరోగ్యమ్మ ఎన్నోసార్లు దూరం నుంచి చూసి, ఏడవాలో సంతోషించాలో తెలియక తల తిప్పుకుని వెళ్లిపోయేది.

ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి ఆమె అన్నం పెట్టుకోలేదు. మంచం మీద కూర్చుని చాలాసేపు గోడకున్న సవరయ్య ఫోటో చూసింది. నిర్మలమ్మ చెవిన పడొద్దని మాట తీసుకున్నది ఆ మనిషే. ఇప్పుడు మాట నిలబెట్టుకుంటే పొద్దున్నే గునపం దిగుతుంది. తప్పితే ఆ తల్లి మానిన పుండు మళ్లీ రేగుతుంది. చివరికి లేచి, ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆవపువ్వు రంగు అంచున్న నీలం నేత చీర తీసి చంకన పెట్టుకుని బయల్దేరింది.

నాలుగైంది. పిల్లలింకా రాలేదు. వెంకటరామారావు ఒక్కరే డబ్బాతో కోర్టు మీద నీళ్లు చల్లుతున్నారు. దుమ్ము లేవకుండా రోజూ ఆ పని చెయ్యడం ఆయన వంతు. పొద్దుటి మాటకు అప్పటికే బాధపడుతున్నారు కాబోలు, ఆరోగ్యమ్మను చూడగానే డబ్బా దించి, ఏదో అనబోయారు. ఆమె అననివ్వలేదు. చీర మడత విప్పి పొడి నేల మీద పరిచింది.

“కొలవండి రావుగారు. అప్పుడు ఆయన కొలిసిండు. ఇయ్యాల మీరు కొలవండి.”

ఆయనకు అర్థం కాలేదు. కానీ ఆమె మొహం చూసి ఎదురడగలేక, చెంచురామయ్యగారు వదిలి వెళ్లిన టేపు తెచ్చి చీర పొడవునా పరిచారు. ఒకసారి చూసి, వంగి మళ్లీ చూశారు.

“పదహారున్నరే ఉందేంటి? పద్దెనిమిది ఉండాలి కదా.”

“కొన్ననాడు పద్దెనిమిదే ఉండె. క్రిస్మస్సుకని తెచ్చిండు నాకు. మూరెడు నేను చింపిన, లోపలికి దోపుకునే కొసన. ఆయనకు తెల్వదు. ఆయన మడత పెట్టలె, తప్పు పట్టలె. ఈ కొసకెల్లి ఆ కొసదాక సాపుగ పట్టిండు. చీరే తక్కువుండె.”

చింపిన అంచు ఆమె చేత్తో మడిచి కుట్టుకున్నది. వెంకటరామారావు దాన్ని వేళ్లతో తడిమి చూశారు. నాలుగు చీరలకు నాలుగు మూరలు, ఆరడుగులు. రెండు చీరలకు రెండు మూరలు, మూడడుగులు. లెక్క అణాపైసలతో సరిపోయింది. సవరయ్య చేతిలో ఏ తప్పూ లేదు. పొద్దున తానన్న మాట గుర్తొచ్చి ఆయనకు సిగ్గేసింది. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే చెంపలేసుకుంటానన్నారు. అని ఊరుకుంటే ఆరోగ్యమ్మ పని అక్కడితో అయిపోయేది. కానీ లోకంలో ఎవరైనా అడిగే ప్రశ్నే ఆయనా అడిగారు. కొత్త చీర ఎందుకు చింపావు అన్నారు.

“మీ బాబుకు కప్పిన.”

పన్నెండేళ్లలో ఆ మాట వెంకటరామారావు ముందు ఎవరూ అనలేదు. ఆయన అలాగే కింద కూర్చుండిపోయారు.

డెబ్బై ఐదు డిసెంబరులో ఈ దంపతులు చింతలబంజర వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. పాకలో కాపురం. పురిటికి పుట్టింటికి పంపాలనుకుంటుండగానే నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. తెల్లవారుజామున ఆరోగ్యమ్మను పిలిపించి, డాక్టరును తేవడానికి వెంకటరామారావు కొత్తగూడెం పరుగెత్తారు. బండి దొరికి ఆయన తిరిగొచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. నిర్మలాదేవి ఒంటిమీద తెలివి లేదు. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టాడని, పూడ్చేశామని చెప్పారు. ఎక్కడని అడగొద్దని, తల్లిదండ్రులు అలాంటివి తెలుసుకోకూడదని పెద్దవాళ్లన్నారు. ఆయన అడగలేదు. అడిగితే తట్టుకోగలనని ఆయనకూ నమ్మకం లేకపోయింది.

ఇప్పుడు ఆరోగ్యమ్మ అడగకుండానే చెప్పింది. ఉత్తరం గీత అవతల నాలుగడుగుల దూరంలో బాబు ఉన్నాడు. సవరయ్య తన చేత్తోనే గుంట తీసి పడుకోబెట్టాడు. చేతికిచ్చిన మూట ఏ గుడ్డలో ఉందో కూడా ఆయన చూడలేదు. అలాంటప్పుడు ఏ మగవాడు గుడ్డ రంగు చూస్తాడు? రెండు నెలల తర్వాత వెంకటరామారావు ఆ చెలక దున్నించి మిరప వేద్దామన్నారు.

“మీరు నాగలి కడుదమన్న దినం ఆయనకు బువ్వ సయించలె. మీ పెట్టెల ఆ బ్యాట్లు చూసి, ఈడ కోర్టు వేద్దం, నాకు నేర్పండని మిమ్మల్ని బతిమాలిండు సూడండి, గందుకే. ఆట ఉన్నన్నాళ్లు నాగలి రాదన్నడు నాతోని. చీర అడిగితే చెప్దమనుకున్న. కానీ మీరు ఆ దినం నవ్వుతున్నరు రావుగారు. బాబు పోయినంక మీరు నవ్వింది గప్పుడే చూసిన. నోరు రాలె. మూరెడే గదా అనుకున్న.”

ఒక మూర నాలుగుసార్లు పడుతుందని ఆమెకు అప్పుడు తట్టలేదు. తట్టినా చెప్పేది కాదేమో.

వెంకటరామారావుకు సవరయ్య గుర్తొచ్చాడు. పొలం పని అయ్యాక మట్టి కాళ్లతో వచ్చి, బ్యాటును పారలా పట్టుకుని, బంతి తగలక కింద పడి, లేచి, మళ్లీ వెయ్యండి రావుగారూ అనేవాడు. తన దుఃఖం మరిపించడానికి వచ్చాడనుకున్నారు ఇన్నాళ్లూ. అదీ నిజమే. కానీ ఆ మనిషి రోజూ సాయంత్రం తన కొడుక్కి కాపలా కూడా కాశాడు. తనకు తెలియకుండా, తన పక్కనే నిలబడి, పదకొండేళ్లు. ఆ మనిషినే పొద్దున తాను నలుగురిలో పలచన చేశారు. పై కండువాతో మొహం కప్పుకుని ఏడ్చారు. ఆరోగ్యమ్మ ఓదార్చలేదు. ఏడవాల్సిన ఏడుపు పన్నెండేళ్లు ఆలస్యమైందని ఆమెకు తెలుసు.

కాసేపటికి ఆయన లేచి ఉత్తరం గీత దాకా నడిచారు. ఎప్పటిలాగే చెప్పులు విప్పారు. విప్పాక కాళ్లు ముందుకు పడలేదు, అక్కడే నిలబడి ఆ నేల వైపు చూశారు. గడ్డి మొలిచిన మామూలు నేల. రేపు గునపం పడదని ఆయన అన్నారు. హీరాలాల్‌కు తానే చెబుతానన్నారు. కప్పు ఏ ఊళ్లో ఆడుకున్నా సవరయ్య పేరుకు వచ్చే లోటు లేదని, కావాలంటే ఈ డెబ్బై నాలుగు అడుగుల్లోనే మనవాళ్లు ఆడుకుంటారని అన్నారు. ఆరోగ్యమ్మకు గుండె మీది బండ దిగినట్టయింది. చీర మడత పెట్టడానికి వంగింది.

వెంకటరామారావు వెనక్కి వచ్చి చీర రెండో కొస అందుకున్నారు, ఆమెకు సాయంగా. మడత పెడుతూ పెడుతూ ఆగిపోయారు. ఆయన చేతిలో ఉన్నది చింపిన కొసే. లెక్కల మనిషి కదా, మనసు ఎంత కలతపడినా ఎక్కడో ఒకచోట లెక్క వేస్తూనే ఉంటుంది.

“ఆరోగ్యమ్మా, ఊపిరి లేని బిడ్డకు పాత గుడ్డ చాలు కదా. నా పాత పంచెలు ఆ పాకలోనే దండెం మీద ఉన్నాయి. పండగ చీర, ఇంకా కట్టనైనా కట్టనిది, ఎందుకు చింపావు?”

అన్ని ప్రశ్నలకూ జవాబు సిద్ధం చేసుకుని వచ్చింది ఆరోగ్యమ్మ, ఈ ఒక్కదానికి తప్ప. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టాడని ఆనాడు చెప్పింది ఆమే. ఆ పొద్దున పాకలో మెలకువగా ఉన్న మనిషీ ఆమె ఒక్కతే. ఆ కొద్దిసేపట్లో ఏం జరిగిందో సవరయ్యకు కూడా చెప్పలేదు. ఆమె తల ఎత్తింది, ఏదో ఒకటి చెప్పేద్దామని. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది, ఎందుకంటే వెంకటరామారావు భుజం మీదుగా ఆమెకు నిర్మలాదేవి కనబడింది.

ఎప్పటి నుంచి అక్కడ ఉందో తెలియదు. రోజూ వచ్చే వేళకే వచ్చింది. ఆమె ఏడవడం లేదు, భర్త వైపు చూడటం లేదు. నెమ్మదిగా నడిచి వచ్చి, ఆయన చేతిలోంచి చీర కొస తీసుకుని, ఆరోగ్యమ్మకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

“చెప్పు ఆరోగ్యమ్మా,” అంది. “వాడికి చలేసిందా?”